బుధవారం రాత్రి ఎవరు పెడతారు?

వదినగారూ, ఆ కరివేపాకు ఇంకో నాలుగు రెమ్మలు ఇటు అందించండి, చెబుతాను. మీ మనవడి పుట్టినరోజుకి గాంధీ ఆస్పత్రి దగ్గర పులిహోర పొట్లాలు పంచుదామనుకుంటున్నారని మీ కోడలు చెప్పింది. చాలా సంతోషం. అయితే పుట్టినరోజు ఆదివారం పడిందట కదా. ఇంట్లో వేడుక ఆదివారమే చేసుకోండి. ఆ అన్నం మాత్రం బుధవారం రాత్రికి పెట్టించండి. నా మాట వినండి.

ఆదివారం సాయంత్రం ముషీరాబాద్ వైపు మెట్రో స్తంభాల కింద ఒకసారి నడిచి చూడండి. ఒక్కొక్కరి పక్కన రెండేసి, మూడేసి పొట్లాలుంటాయి. ఒకటి తింటారు, ఒకటి పొద్దున్నకని తలకింద పెట్టుకుంటారు, మూడోది కుక్కలు లాక్కుపోతాయి. తలకింద పెట్టుకున్నది తెల్లారేసరికి పాచి వాసన వేస్తుంది. శనివారం వెంకటేశ్వరస్వామి పేరున వస్తుంది. గురువారం బాబా పేరున వస్తుంది. శుక్రవారం దర్గాల దగ్గర పెడతారు. మంగళవారం ఆంజనేయస్వామి గుడి దగ్గరికి వెళ్తే ఏదో ఒకటి దొరుకుతుంది. బుధవారం మొక్కులు తక్కువ. పుట్టినరోజు బుధవారం పడినా, అందరికీ ఆఫీసులుంటాయని ఆదివారానికి జరుపుతారు. ఆ ఒక్క రోజు అక్కడివాళ్ళు గ్లాసుడు టీ, రెండు బిస్కట్లతో పడుకుంటారు. పెట్టే చేతులు ఈ ఊళ్ళో తక్కువేం కాదండీ. అన్నీ ఒక్క రోజే వస్తాయి, అదీ నా బాధ.

అక్కడ ఉండేది అడుక్కునేవాళ్ళేగా అని మీ వారు అన్నారట. అన్నయ్యగారు మనసులో ఏమీ పెట్టుకోకుండా అనేశారు, నేనూ అలాగే తీసుకున్నాను. కానీ ఆయన కూడా ఒకరోజు, అక్కడ అన్నం పెట్టడానికి వెళ్ళే మాతో వస్తే బావుంటుంది. ఆ ఆస్పత్రి గేటు బయట పడుకునేవాళ్ళలో సగం మంది నిన్నటిదాకా ఇల్లున్నవాళ్ళు. ఆదిలాబాద్ నుంచో, మెదక్ నుంచో, పాలమూరు నుంచో రోగిని తీసుకొచ్చినవాళ్ళు. వార్డులో రోగి దగ్గర ఒక్కరే ఉండాలి. రెండో మనిషి, చంటిపిల్ల, ముసలమ్మ, అందరూ బయట ప్లాస్టిక్ పట్టా పరుచుకుంటారు. తెచ్చుకున్న డబ్బు స్కానింగులకీ, ఆటోలకీ పోతుంది. వైద్యం ఉచితమే అయినా, బయట రోజుకి మూడు పూటలు ఇద్దరు తినాలంటే ఎంతవుతుందో మీరే లెక్కేయండి. రెండో వారానికి వాళ్ళూ ఫుట్‌పాత్ మనుషుల్లో కలిసిపోతారు. బట్టలు మాసిపోయాక ఎవరు ఎవరో మనకి తెలియదు.

ఇక నిజంగా ఇల్లు లేనివాళ్ళు. వాళ్ళు పని చేయరని అనుకుంటాం. చిలకలగూడ చౌరస్తాలో పొద్దున్న అడ్డా మీద నిలబడే కూలీల్లో ఎంతమంది రాత్రి రేతిఫైల్ బస్టాండులో పడుకుని లేచినవాళ్ళో! మాకు ఒకాయన పరిచయం. అయిదు పదులు దాటిన మనిషి, పెళ్ళిళ్ళలో వంటకి వెళ్తాడు. కేటరింగ్ వాళ్ళు సాయంత్రం వ్యానులో ఎక్కించుకుపోతారు, తెల్లవారుజామున స్టేషను దగ్గర దింపేస్తారు. వెయ్యి మందికి బిర్యానీ దమ్ము పెట్టిన మనిషి సికింద్రాబాద్ స్టేషను ఎదురుగా, ఆల్ఫా హోటల్ పక్క సందులో షట్టర్ ముందు పడుకుంటాడు.

ఆయన చెప్పేదాకా నాకు తట్టని సంగతి ఒకటుంది. ఆషాఢం వచ్చినా, మూఢం వచ్చినా పెళ్ళిళ్ళుండవు. పెళ్ళిళ్ళు లేకపోతే ఆయనకి కూలి లేదు. ఫంక్షన్ హాళ్ళలో మిగిలిన అన్నం తెచ్చిపెట్టే కుర్రాళ్ళకీ ఆ నెలల్లో ఏమీ దొరకదు. కూలీ పోయి, కూడూ పోయి, పైనుంచి వానలు. పడుకునే చోటు తడిసిపోతుంది. దాతలు మాత్రం ఆషాఢం తర్వాత శ్రావణమాసంలో చెయ్యి విప్పుతారు, మహాలయ పక్షంలో ఇంకా విప్పుతారు. అందుకే మేం ఆషాఢంలో ఒక్క పూట కూడా మానకూడదని పట్టు పట్టాం.

బియ్యం లెక్క కూడా ఆయనే నేర్పాడు. పెళ్ళి వంటలో కిలో బియ్యం పదిమందికి పైగా సరిపోతుందట. పక్కన కూరలు, స్వీట్లు, అప్పడాలు, వడలు ఉంటాయి కనుక. రోడ్డు మీద అలా కుదరదు. ఒక్కటే వంటకం, పొద్దుటి నుంచీ ఖాళీ కడుపు. కిలో ఆరుగురికో ఏడుగురికో అనుకోవాలి. కిచిడీ అయితే పప్పు కూడా పడుతుంది కాబట్టి కాస్త అటూ ఇటూ. మధ్యలో గుండిగ ఖాళీ అయిపోయి, వరసలో ఇంకా ఇరవైమంది నిలబడి ఉంటే వాళ్ళ ముఖాలు చూడలేం వదినగారూ. అలాంటి పరిస్థితి రాకుండా ముందే లెక్క చూసుకోవడం వంట కన్నా ముఖ్యం.

అయిదు రూపాయల భోజనం ఉంది కదా అంటారా? ఉంది, అది లేకపోతే ఈ ఊరు ఏమయ్యేదో! 2014లో జీహెచ్‌ఎంసీ హరేకృష్ణ ఫౌండేషన్ వాళ్ళతో కలిసి మొదలుపెట్టింది. అన్నం, సాంబారు, కూర, పచ్చడి. తినేవాళ్ళు ఇచ్చేది అయిదు, మిగతాది కార్పొరేషన్ పెట్టుకుంటుంది. ఇప్పుడు ఇందిరమ్మ క్యాంటీన్లని పేరు పెట్టి, పొద్దున టిఫిను కూడా ఇస్తున్నారు. అడ్డా కూలీ, ఆటో డ్రైవరు, కోచింగుకొచ్చిన పిల్లలు అందరూ ఒకే వరసలో నిలబడి తింటారు. అయిదు రూపాయలు పెట్టి కొనుక్కున్నామన్న ధైర్యంతో తింటారు, అది నాకు చాలా నచ్చుతుంది. కానీ అది పగటి మాట. రాత్రి మాత్రం ఖాళీగానే ఉంటుంది.

మా చెల్లెలు విజయవాడలో ఉంటుంది కదా, అక్కడ అన్న క్యాంటీన్లలో రాత్రి భోజనం కూడా అయిదు రూపాయలకే పెడతారు. 2018లో తెరిచారు, మరుసటి ఏడాది మూతపడ్డాయి, 2024 ఆగస్టు 15న గుడివాడలో మళ్ళీ మొదలయ్యాయి. మధ్యలో అయిదేళ్ళు ఆ వరసలో నిలబడ్డవాళ్ళు ఏం తిన్నారో అని మా చెల్లెలు ఇప్పటికీ బాధపడుతుంది. ఇప్పుడు మూడు పూటలా ఉంది. ఆదివారం సెలవు. అందుకని అక్కడ వాళ్ళ బృందం ఆదివారమే వండుతుంది. ఏ ఊళ్ళో ఏ రోజు గుండిగ ఎక్కదో ముందు అది కనుక్కోవాలి. ఆ తర్వాతే వంటకం సంగతి.

మీది కోనసీమ కదా, డొక్కా సీతమ్మగారి సంగతి మీకు నేను చెప్పేదేముంది! లంకల గన్నవరంలో ఆవిడ పుట్టింటి పేరో అత్తింటి గొప్పో ఎవరికీ గుర్తులేదు, గోదావరి దాటి వచ్చినవాడు ఏ వేళకి వచ్చినా అన్నం దొరికేదన్నది మాత్రం అందరికీ గుర్తుంది. 1909లో పోయారు ఆవిడ. ఇవాళ ఆంధ్రలో బడిపిల్లల మధ్యాహ్న భోజనానికి ఆవిడ పేరే. అంతర్వేది తీర్థానికి బయల్దేరిన కథ మా అమ్మమ్మ చెప్పేది. దారిలో ఎదురైన పెళ్ళివారి పిల్లలు ఆకలని ఏడుస్తుంటే, ఇంకాస్తలో సీతమ్మగారి ఇల్లొస్తుంది, అక్కడ తిందామని పెద్దవాళ్ళు సముదాయిస్తున్నారట. ఆ మాట చెవిన పడి, దర్శనం మానుకుని పల్లకీ వెనక్కి తిప్పించి, వాళ్ళకన్నా ముందు ఇంటికి చేరి పొయ్యి వెలిగించారట. ఆవిడ ఎంతమందికి పెట్టారన్నది వదిలేయండి. ఆ పెద్దవాళ్ళు పిల్లలకి అంత ధీమాగా చెప్పగలిగారు చూడండి! వెళ్తే ఉంటుంది అన్న నమ్మకం. మా గుండిగ మీద అలాంటి నమ్మకం ఒక పదిమందికి కుదిరితే చాలు నాకు.

పాతబస్తీలో దబీర్‌పురా ఫ్లైఓవర్ కింద అజహర్ మఖ్సూసీ గారు పెడతారు చూశారా? చిన్నతనంలోనే తండ్రి పోయి, ఆకలంటే ఏమిటో తెలిసిన మనిషి. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పని చేసుకుంటూ 2012లో మొదలుపెట్టారు. మొదట్లో ఇంట్లో ఆయన భార్య వండిచ్చేవారట. రోజూ మధ్యాహ్నం అదే చోట, అదే వేళకి చాపలు పరుస్తారు. కింద కూర్చోబెట్టి పళ్ళెంలో వడ్డిస్తారు. ఏ పేరు, ఏ మతం అని అడగరు. గురుద్వారాలో లంగర్ కూడా అంతే, కూర్చోబెట్టి పెడతారు. నిలబెట్టి పొట్లం చేతిలో పెట్టి వెళ్ళిపోవడానికీ, కూర్చోబెట్టి ఇంకాస్త వేయమంటారా అని అడగడానికీ చాలా తేడా ఉంది. మాకు చాపలు పరిచే జాగా లేదు. మారు వడ్డన మాత్రం మానం.

ఇంక మీ పులిహోర మాట. పులిహోరకి నేను శత్రువుని కాదు. చింతపండు పులుపుంటుంది, నూనె ఉంటుంది, అందుకే తీర్థయాత్రలకి మన పెద్దవాళ్ళు అదే కట్టుకెళ్ళారు. చెడిపోదు నిజమే. కానీ ఖాళీ కడుపు మీద, నోటి పూతల మీద, రోజు మార్చి రోజు పులుపూ కారమూ పడితే ఎలా ఉంటుంది? అక్కడ పళ్ళు లేనివాళ్ళున్నారు, టీబీ మందులు మింగేవాళ్ళున్నారు, సుగరున్నవాళ్ళున్నారు. పైగా కారం తిని రాత్రి కడుపు కదిలితే వెళ్ళడానికి చోటు లేదు. డబ్బులు తీసుకునే మరుగుదొడ్లు చాలావరకు రాత్రికి తాళం పడతాయి. ఆడవాళ్ళు ఆ భయంతో రాత్రిపూట నీళ్ళే తాగరు. ఈ మాట ఒక పెద్దావిడ నా చెయ్యి పట్టుకుని చెప్పింది. అప్పట్నుంచి మా వంటలో పచ్చిమిర్చి చీలికలు లేవు, మిరియాలు కొంచెం, జీలకర్ర కొంచెం.

పెసరపప్పు కిచిడీ వండుతున్నాం. సొరకాయ ముక్కలు, క్యారెట్, కాస్త అల్లం. మెత్తగా జారుగా ఉంటుంది, చంటిపిల్లలూ తింటారు, ముసలివాళ్ళూ తింటారు. గుండిగకి కింద గోనెపట్టా, చుట్టూ పాత దుప్పటి కట్టి ఆటోలో ఎక్కిస్తే మూత తీసినప్పుడు పొగలు వస్తాయి. ఆ వేడికే సగం కడుపు నిండుతుంది, ముఖ్యంగా డిసెంబరులో. గుడ్లు ఎవరైనా ఇస్తే ఉడకబెట్టి తలా ఒకటి. ఎండాకాలంలో మజ్జిగ అడుగుతారు, అది మాత్రం వడ్డించే ముందు చిలికిందే అయ్యుండాలి.

మిగిలిపోయిన అన్నం సంగతి వేరే చెప్పాలి. హోటళ్ళలో, ఫంక్షన్ హాళ్ళలో మిగిలింది తెచ్చి పంచే కుర్రాళ్ళంటే నాకు ఎంతో గౌరవం. రాబిన్ హుడ్ ఆర్మీ అని ఉన్నారు చూడండి, 2014లో ఢిల్లీలో కొంతమంది స్నేహితులు మొదలుపెట్టారు. ఎవరి దగ్గరా డబ్బు తీసుకోరు, అన్నం ఇస్తే తీసుకెళ్ళి పెడతారు. మన ఊళ్ళోనూ ఉన్నారు. వాళ్ళకి ఒక క్రమం ఉంది. క్రమం లేకుండా, మధ్యాహ్నం పెళ్ళి అన్నం రాత్రి పదకొండింటికి తెచ్చి పంచేవాళ్ళని చూస్తే భయమేస్తుంది. వండింది 60 డిగ్రీల పైన వేడిగా ఉండాలి, లేదంటే రెండు గంటల్లో తినేయాలి. అన్నంలో ఒక రకం సూక్ష్మజీవి ఉంటుందట, దాని బీజాలు ఉడికినా చావవు. అన్నం గోరువెచ్చగా గంటల తరబడి ఉంటే అవి విషం పుట్టిస్తాయి, ఆ తర్వాత మళ్ళీ ఎంత వేడి చేసినా ఆ విషం పోదు. పనీరు కూర, కొబ్బరి వేసినవి ఇంకా త్వరగా పాడవుతాయి. ఇంట్లో మనకి వాంతులైతే మంచం ఉంది, బాత్రూం ఉంది. వాళ్ళకి?

వేళ కూడా చూసుకోవాలి. ఎనిమిదిన్నర దాటాక, పది లోపు. దుకాణాలు మూసేదాకా షట్టర్ల ముందు పడుకోనివ్వరు, తెల్లారుజామున ఊడ్చేవాళ్ళు రాకముందే లేవాలి. మధ్యలో దొరికేది ఆ కాస్త నిద్ర. పదకొండింటికి వెళ్ళి తట్టి లేపి పొట్లం ఇవ్వడం నాకు ఇష్టం లేదు. తల పక్కన పెట్టి వచ్చేస్తే ఎలకలు, కుక్కలు.

మొదట వరసలో నిలబడ్డవాళ్ళకే వడ్డించుకుంటూ పోతే, నడవలేనివాళ్ళకి అందదు. అందుకే ముందు ఇద్దరు చిన్న డబ్బాలతో బస్ షెల్టర్ వెనక, ఓవర్ బ్రిడ్జి మెట్ల కింద చూసి వస్తారు. ఆడవాళ్ళు మగవాళ్ళ గుంపులోకి రారు, దూరంగా నిలబడి చూస్తుంటారు. వాళ్ళ దగ్గరికి మనమే వెళ్ళాలి. నీళ్ళు, చెయ్యి కడుక్కోవడానికి వేరే బకెట్టు, చెంబు. చాలామంది దగ్గర సొంత గిన్నె ఉంటుంది, అడిగితే తీస్తారు. లేనివాళ్ళకి విస్తరాకు దొన్నె. పొగలు కక్కే సాంబారు పాలిథిన్ సంచిలో కట్టి ఇచ్చే పని వద్దని మా గుంపులోని రైల్వే పెద్దాయన గట్టిగా చెప్పారు. ఫోటోలు అసలే వద్దు. ఊళ్ళో వాళ్ళకి తాము ఇక్కడున్నామని చెప్పుకోనివాళ్ళు ఎంతోమంది ఉంటారు.

క్రమం తప్పకుండా వెళ్తే ఇంకోటి జరుగుతుంది వదినగారూ, ఇది నేను ఊహించని లాభం. మా గుండిగే ఒక హాజరుపట్టీ అయింది. ఫలానా ఆవిడ ఇవాళ రాలేదే అని అడిగేవాళ్ళు ఏర్పడ్డారు. మోండా మార్కెట్ వైపు ఉండే ఒక ముసలావిడ కనబడకపోతే మా కుర్రాళ్ళు వెతుక్కుంటూ వెళ్ళారు. కాలికి పుండు పడి, లేవలేక, గోనెసంచుల మీద పడి ఉంది. రెండు రోజులుగా ఏమీ తినలేదట. ఆటోలో ఎక్కించి ఆస్పత్రిలో చేర్చారు. కాలు నిలిచింది. ఏడాదికోసారి వెయ్యి పొట్లాలు పంచినా ఆవిడ లేదన్న సంగతి మాకు తెలిసేది కాదు. ఇప్పుడు ఆవిడకి ఆధార్ కార్డు కోసం తిరుగుతున్నాం. చిరునామా లేకపోతే కార్డు కష్టం, కార్డు లేకపోతే పింఛను లేదు. అన్నం పెట్టడానికి వెళ్ళినవాళ్ళం ఫారాలు నింపడం నేర్చుకున్నాం.

రాత్రి బసలు ఉన్నాయి కదా అంటారు. ఉన్నాయి, ఇంకా కావాలి. పెద్ద నగరాల్లో లక్ష జనాభాకి ఒకటి చొప్పున, ఏడాది పొడుగునా, ఇరవైనాలుగు గంటలూ తెరిచి ఉండాలని సుప్రీంకోర్టు 2010లోనే చెప్పింది. 2011 జనాభా లెక్కల్లో ఫిబ్రవరి 28 రాత్రి ఒక్క రాత్రి తిరిగి లెక్కపెడితే దేశంలో ఇల్లు లేనివాళ్ళు 17 లక్షల 73 వేల మంది తేలారు. ఆ రాత్రి ఫ్లైఓవర్ కింద కాక ఏ సందులోనో తలదాచుకున్నవాళ్ళు ఆ లెక్కలోకి ఎక్కారో లేదో మనకి తెలియదు. భార్యాభర్తలైతే బసలో విడివిడిగా ఉండాలి. మూటాముల్లె పెట్టుకోవడానికి చోటు చాలదు. అడ్డాకి దూరమైతే పొద్దున్న పని పోతుంది. వెళ్ళని వాళ్ళని తప్పు పట్టలేను. అన్నంతో ఇల్లు రాదు, అది నాకు తెలుసు. ఇల్లు వచ్చేదాకా ఆకలి ఆగదని కూడా తెలుసు.

లాక్‌డౌన్‌లో చూశాం కదా. గాంధీని మొత్తం కోవిడ్ ఆస్పత్రి చేశారు, టీ కొట్లు మూశారు, ఊరంతా తలుపులేసుకుంది. మేడ్చల్ హైవే మీద పిల్లల్ని భుజాన వేసుకుని ఉత్తరాదికి నడిచిపోయారు మనుషులు. అప్పుడు ఎవరింట్లో వీలైతే వాళ్ళింట్లో చపాతీలు ఒత్తి రోడ్డు మీద నిలబడ్డారు. ఆ అలవాటు వదలని నలుగురే ఇవాళ మా గుంపు.

అందుకని అడుగుతున్నాను, మీ మనవడి పేరున ఒక బుధవారం కాదు, నెలకో బుధవారం మీరు తీసుకోండి. మొదటిది మీరు, రెండోది నేను, మూడోది మేడ మీద ఉండే టీచరుగారు, నాలుగోది రైల్వే పెద్దాయన ఇల్లు. నెలలో అయిదో బుధవారం పడితే అందరం కలిసి చేద్దాం. డబ్బు ఇవ్వడం వద్దు, బియ్యం, పప్పు, కూరగాయలు తెచ్చి మా పెరట్లో వండటానికి రండి. అన్నయ్యగారిని కూడా తీసుకురండి, గుండిగ ఆటోలోకి ఎత్తడానికి మగవాళ్ళు ఇద్దరైనా కావాలి. మీ మనవడు వస్తానంటే రానివ్వండి, నీళ్ళు పోసే పని వాడికిద్దాం. చెంబుతో పోస్తూ తాతా అనీ మామ్మా అనీ పిలవమనండి.

సిలిండర్ మీ ఇంటిది తేవద్దు, 19 కిలోల పెద్దది మా దగ్గర ఉంది. మీరు పదకొండు కిలోల బియ్యం చూసుకోండి, పాతబియ్యం అయితే మేలు. పెసరపప్పు అయిదు కిలోలు, దోరగా వేయించి తెండి, వాసన బావుంటుంది. సొరకాయలు లేతవి ఏరండి, పది చాలు. అల్లం నేను దంచుతాను. నాలుగున్నరకి ఎసరు పెట్టాలి, మూడింటికల్లా వచ్చేస్తే కూరగాయలు తరుగుతూ మాట్లాడుకోవచ్చు. అన్నట్టు, మీ ఇంట్లో ఆ పెద్ద ఇత్తడి సిబ్బి ఉండాలి, మీ అత్తగారిది. అది గుండిగ మీదకి సరిగ్గా సరిపోతుంది, అటక మీంచి దింపించి చింతపండుతో తోమి ఉంచండి.